బోణీ కాని జట్టు

సింగపూర్‌లో శనివారాలు సరదాకి బేస్‌బాల్ ఆడుకునే జట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో తరచుగా గెలిచేవి ఉన్నాయి, అప్పుడప్పుడూ గెలిచేవీ ఉన్నాయి. ఆ రెండు రకాలనూ పక్కకు నెట్టి, అంతకుముందు సీజన్ మొత్తంలో ఒక్క ఆట కూడా గెలవని జట్టును పట్టుకుని దానికి అభిమానినైన ఘనత నాది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బేరమాడి మరీ తెచ్చుకున్నాను.

నర్సరావుపేటలో మాది స్టీలు సామాన్ల కొట్టు. అటు బాబాయి కొట్టు, ఇటు మామయ్య కొట్టు. మా కొట్లో కింద గల్లా, పైన అటక. నాన్న నిచ్చెనెక్కి అటక మీద నుంచి గిన్నెలూ బేసిన్లూ జారవిడుస్తుంటే కింద నిలబడి పట్టుకోవడం నాకు అక్షరాలు రాకముందు నుంచీ వచ్చిన పని. నేల మీద పడితే సొట్ట. సొట్ట పడిన గిన్నె సగం ధరకు కూడా పోదు. "చూపు గిన్నె మీద పెట్టు, చేతుల సంగతి చేతులే చూసుకుంటాయి" అనేవాడు నాన్న. అలా పెరిగినదాన్ని. చెప్పిన ధరకు వస్తువు కొంటే ఆ రోజంతా ఒంట్లో బాగున్నట్టుండదు.

చదువు కోసం వచ్చి క్లెమెంటిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. వచ్చిన కొత్తల్లో ఒక శనివారం పొద్దున, మార్కెట్ పక్కన ఒక చైనీస్ అంకుల్ మడత బల్ల వేసుకుని ఆకుపచ్చ టోపీలు అమ్ముతున్నాడు. ఆయన జట్టుకు మైదానం అద్దె కట్టుకోవడానికట. పది డాలర్లన్నాడు. నాలుగన్నాను. తొమ్మిదికి కూడా దిగలేదు మనిషి. వెనక్కి పిలవకపోతాడా అని వెళ్ళిపోతున్నట్టు నటించాను. పిలిచాడు.

"ఏ గర్ల్! ఓకే, ఫ్రీ లా. బట్ టుడే యూ కమ్ అండ్ సీ మై టీమ్."

పది డాలర్ల సరుకు ఊరికే! మా వీధిలో ఇంత బేరం ఎవరూ కొట్టి ఉండరు. ఆ మధ్యాహ్నమే రైల్లో క్రాంజీ దాకా వెళ్ళి, అక్కడి నుంచి తోటల వైపు పోయే బస్సెక్కాను. బస్సులో డ్రైవరూ, నేనూ, నా టోపీ.

వాళ్ళు ఆడిన తీరు చెప్పను. ఆట ముగిశాక, బంతి విసిరేవాడికి ఎదురుగా ముఖానికి జాలీ కట్టుకుని కూర్చున్న ఆటగాడు ఆ జాలీ తీసి, నేను ఫోన్లో ఇంటికి తెలుగులో మాట్లాడుతుంటే విన్నాడు. కరీంనగర్ మనిషి, ఏదో బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం.

"తెలుగేనా? ఏం పాపం జేసినవ్ చెల్లె, గింత దూరమొచ్చి మా ఆట జూస్తున్నవ్?"

"టోపీ ఊరికే ఇచ్చారన్నయ్యా."

"నాకు గ్లౌజు ఊరికే ఇచ్చిండు. ఏండ్లయితుంది, బయటపడతలేను."

ఒక్క శనివారంతో రుణం తీరిపోవాలి. తీరేదే, కానీ ఆట తర్వాత అందరూ మకాన్, తిందాం పద అంటూ, తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళారు. అక్కడ ఖాళీ కుర్చీ దొరకడం కష్టం. ముందుగా చేరినవాళ్ళు కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేస్తారు. ఆ ప్యాకెట్ ఉన్న కుర్చీని ఇక ఎవరూ ముట్టుకోరు. టోపీల అంకులే జట్టు కెప్టెన్. ఆయన ఒక కుర్చీ మీద ప్యాకెట్ పెట్టి, అది నాదన్నాడు. మాంసం ముట్టనిదాన్ని కనుక నాకక్కడ దొరికింది కొబ్బరి జామ్ పూసిన కాయా టోస్టూ, గ్లాసుడు మైలోనే. అయినా మరుసటి శనివారం వెళ్ళాను. మళ్ళీ నా కుర్చీ మీద ప్యాకెట్. క్లెమెంటిలో ఇంటామె ఫ్రిజ్‌లో నాకు ఒక అర ఇచ్చింది. ఆ అర, ఈ కుర్చీ. ఈ ఊళ్ళో నాకంటూ పట్టిపెట్టినవి ఆ రెండే.

ఆ సీజన్‌లో నేను అరవని ఆట లేదు, మేము గెలిచిన ఆటా లేదు. ఒకసారి మాత్రం నిజంగానే ముందున్నాం. చివరి వంతు మొదలవబోతుండగా పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది. అందరూ షెడ్డు కిందికి పరుగెత్తారు. సైరన్ ఆగేసరికి మైదానం గడువు అయిపోయింది. ఆ ఆట లెక్కలోకి రాదన్నారు.

ఆ రోజే హాకర్ సెంటర్‌లో అంకుల్ చెప్పాడు. మైదానం కోసం కొత్త జట్టొకటి కాచుకుని ఉంది. ఈ సీజన్ కూడా ఒక్క గెలుపు లేకుండా పోతే మా వేళ వాళ్ళకు ఇచ్చేస్తారు. మైదానం లేకపోతే జట్టు లేదు. జట్టు లేకపోతే నా కుర్చీ మీద ప్యాకెట్ పెట్టేవాళ్ళెవరు?

"ఒక్క బోణీ అయితే చాలన్నయ్యా" అన్నాను. మా కొట్లో పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని నాన్న పోనివ్వడు. నష్టానికైనా ఇచ్చేసి, ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాలో వేస్తాడు. అటక సంగతీ, గిన్నెల సంగతీ అన్నీ అన్నయ్యకు చెప్పాను.

"మన గల్లాలో సాలెపురుగులు గూళ్ళు పెట్టినయ్ చెల్లె" అన్నాడు.

చివరి ఆటకు అదృష్టం తనంతట తానే నడిచి వచ్చింది. అవతలి జట్టులో ఎనిమిది మందే వచ్చారు. తొమ్మిది మంది లేకపోతే ఆట అక్కర్లేకుండానే గెలుపు మాది. కాకపోతే, ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే బయటి మనిషిని పెట్టుకుని ఆడొచ్చు. మా అంకుల్ ఒప్పుకునేలా ఉన్నాడు.

నేను అడ్డం పడ్డాను. "అంకుల్, తీసేసుకోండి. మొదటి బేరం తోసిపుచ్చకూడదు."

"ఫ్రీ వన్ నో టేస్ట్ లా, గర్ల్. క్లోజ్ షాప్ ఆల్సో, మస్ట్ ప్లే ఫస్ట్." జట్టు మూతపడినా సరే, ముందు ఆడాల్సిందేనట.

"నీకు టోపీ ఊరికే ఇచ్చి చెడగొట్టిండు, ఆయన మాత్రం ఊరికే తీసుకోడట" అన్నాడు అన్నయ్య.

అంతటితో ఆగినా బాగుండేది. మా బెంచీ మీద ఉన్నవాళ్ళలో కాస్త బలంగా విసరగలిగిన కుర్రాణ్ణి వాళ్ళకు అరువిద్దామని చూస్తున్నాడు అంకుల్. అప్పుడు నాలోని కొట్టు మనిషి లేచింది. అవతలివాళ్ళకు ఒక సరుకు అంటగట్టక తప్పనప్పుడు, మన దగ్గరున్న వాటిలో పనికిరానిది అంటగట్టాలి. అంతకన్నా పనికిరానిది అక్కడ నేనే.

"నేను వెళ్తాను" అన్నాను.

అవతలి కెప్టెన్ నా చెప్పుల వైపు చూశాడు. "బంతి రాని చోట నిలబెట్టండి చాలు, మీకు ఖర్చేమీ లేదు" అని ఇంగ్లీషులో నచ్చజెప్పాను. అందరూ నవ్వారు. ఒకరి బూట్లూ ఇంకొకరి గ్లౌజూ ఇచ్చి, కుడివైపు చివర, గడ్డి పెరిగిన చోట నిలబెట్టారు. గ్లౌజు నా చేతికి బకెట్టంత వదులు. నా దగ్గరికి బంతి వస్తే వదిలేయడానికి నేను తయారు. పైకెగిరిన బంతి నేల తాకకముందే పట్టుకుంటే కొట్టినవాడు అవుట్. వదిలేస్తే మావాళ్ళు పరుగెత్తుకోవచ్చు. నాకు తెలిసింది అంతే, నాకు కావలసిందీ అంతే.

ఆటంతా నా వైపు ఒక్క బంతి రాలేదు. దోమలు మాత్రం వచ్చాయి. చివరి వంతు మాది. మేము ఒక్క పరుగు వెనక. ఇంకొకరు అవుటయితే ఆట ముగిసినట్టే. మావాళ్ళిద్దరు చెరో బేస్ మీద ఎదురుచూస్తున్నారు. బ్యాట్ పట్టుకుని వచ్చింది అన్నయ్య.

కొట్టాడు. అంత బాగా కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు. బంతి లైట్ల కన్నా పైకి లేచి, నా వైపు తిరిగి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. నా కాళ్ళు బోణీ అయిపోయిందని గంతులేస్తున్నాయి. నేల తాకితే ఆ ఇద్దరూ హోమ్ బేస్ చేరి రెండు పరుగులు తెస్తారు, మేము గెలుస్తాం, నా కుర్చీ నాకుంటుంది. ఇదంతా తెలిసే తల పైకెత్తాను. చేసిన తప్పు అదే. తల ఎత్తగానే చూపు బంతి మీద పడింది.

చేతుల సంగతి చేతులే చూసుకున్నాయి. గ్లౌజు జారి గడ్డిలో పడిందని తర్వాత తెలిసింది. రెండు చేతులూ బంతిని పొట్టకు అదుముకుని ఉన్నాయి, కొత్త గిన్నెను పొదువుకున్నట్టు. ఉంగరం వేలిలో ఏదో కలుక్కుమంది.

నాకు ఇంతవరకు పేర్లు కూడా తెలియని ఎనిమిది మంది పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నారు.

అన్నయ్య బ్యాట్ కింద పెట్టి దగ్గరికొచ్చాడు. "గిన్నె అనుకున్నవా చెల్లె?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అంకుల్ నా వేలికి మంచు కట్టాడు. "హోల్ సీజన్ బెస్ట్ క్యాచ్, ఐ టెల్ యూ" అని నవ్వాడు. హాకర్ సెంటర్‌లో ఆ రోజు కూడా నా కుర్చీ మీద ప్యాకెట్ ఉంది. టోస్టు సగం తిన్నాను.

మైదానం కొత్త జట్టుకు వెళ్ళిపోయింది. జట్టు వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్ళు పుట్టినరోజు శుభాకాంక్షలు తిరిగాయి, తర్వాత అవీ ఆగాయి. అన్నయ్యను వాళ్ళ బ్యాంకు వేరే దేశం పంపింది. మొన్నొక శనివారం ఒక్కదాన్నే ఆ హాకర్ సెంటర్‌కు వెళ్ళాను. ఒక కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ కనిపించింది. దాని దగ్గర కాసేపు నిలబడ్డాను. ఎవరో ఆంటీ అన్నం పళ్ళెంతో వచ్చి, ప్యాకెట్ తీసి సంచిలో వేసుకుని కూర్చుంది.

ఇక లెక్క. పోయినవి: ఒక సీజన్ శనివారాలు, బస్సు ఖర్చులు, పూర్తిగా మడవలేని ఉంగరం వేలు, ఒక జట్టు, ఒక కుర్చీ. మిగిలినది: రంగు వెలిసిన ఆకుపచ్చ టోపీ ఒకటి. దాని ధర సున్నా అని ఇన్నాళ్ళూ చెప్పుకు తిరిగాను. అది పది డాలర్ల టోపీ. ఆ పొద్దున ఆ పది ఇచ్చేసి ఉంటే అంకుల్ నన్ను రమ్మనేవాడు కాదు, శనివారాలు గదిలో ఒక్కదాన్నే కూర్చోవడం నాకు ఒక లోటని ఇప్పటికీ తెలిసేది కాదు.