గోళ్ల పరీక్ష

మొన్న మా బొచ్చుకుక్కకు గోళ్లు తీయించాలని ఢిల్లీలో మా మయూర్ విహార్ నుంచి ఘాజియాబాద్ దాకా పోయాను. బతుకంతా పశువైద్యం పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాత్రం నేను తీయలేనా అంటే తీయగలను. అదే ఒప్పుకోదు, కత్తెర చూస్తే మంచం కింద దూరుతుంది. క్లినిక్కులో డాక్టరమ్మ తలెత్తి, "అరే, మేడమ్!" అంది. నా శిష్యురాలు. పాత అలవాటు, నా చూపు తిన్నగా ఆమె చేతుల మీదికి పోయింది. పొడుగాటి గోళ్లు, ఎర్రటి రంగు.

కాలేజీలో నన్ను గోళ్ల మేడమ్ అనేవాళ్లు. పల్లెలో డాక్టరు గేదె కడుపులో చెయ్యి పెట్టాలి కదా, గోరు గీసుకుంటే లోపల పుండవుతుంది. అందుకే ఊళ్లకు బయల్దేరే బస్సు మెట్ల దగ్గర నిలబడి, చేతులు చూశాకే ఎక్కించేదాన్ని. అందరూ సణుక్కునేవాళ్లు. ఈ పిల్ల మాత్రం "దేఖియే మేడమ్" అంటూ పదివేళ్లూ నా మొహం ముందు పెట్టేది. వాళ్లమ్మ కాకినాడ నుంచి వచ్చిన నర్సు. పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే. ఆ బ్యాచిలో పల్లెకు పోతానన్నది ఆమె ఒక్కతే. తల్లి వద్దని మొత్తుకుంటే నేనే నచ్చజెప్పాను. "ఏ కష్టమొచ్చినా ఫోన్ చెయ్యి, ఎత్తుతాను" అని మాటిచ్చాను.

పల్లెలో చేరిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం చేసింది. గేదె ఈనలేక పడిపోయింది, లోపల దూడ తల వెనక్కి తిరిగిపోయింది. నేను మీటింగులో ఉన్నాను. విషయం, పల్లె వైద్యానికి విద్యార్థులను తయారుచేయడం! ఫోను సైలెంట్‌లో పెట్టి, సమోసా తిని, బ్రహ్మాండంగా మాట్లాడాను. బయటికొచ్చి చూస్తే మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేసేసరికి దూడా పోయింది, తల్లీ పోయింది. ఆ ఇంటావిడే చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్లు పోసిందట. అది చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. ఆ తర్వాత ఏ బ్యాచికీ పల్లెకు వెళ్లండని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎవరూ వెళ్లలేదు కూడా.

కుక్క కాలు పట్టుకుని ఎంత ఒడుపుగా తీసిందో, అది కిక్కురుమనలేదు. ఆ పనితనం ఏ పల్లెలోనో ఉండాల్సింది. "ఆ రోజు ఫోను ఎత్తలేదమ్మా, నాదే తప్పు" అన్నాను.

"ఛోడియే మేడమ్," అంది, పోనివ్వమన్నట్టు, తలెత్తకుండా. కత్తెర పక్కన పెట్టి, తెలుగులో అడిగింది: "నంబర్ అదేనా?"

అదేనన్నాను. ఇప్పుడు ఫోను ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది, సైలెంట్‌లో పెట్టను. అది మోగవలసిన మధ్యాహ్నం మాత్రం ఎప్పుడో వెళ్లిపోయింది.