వడ్ల అంచున రాళ్ళు

నా చిన్నప్పుడు, వరికోతలైతే చాలు, సిద్దిపేట పోయే తారురోడ్డులో సగం మా ఊరిదే. ఊరంతా రోడ్డు మీదే వడ్లు ఆరబోసేది. లారీలు తొక్కకుండా వడ్ల అంచు వెంట తలకాయంత రాళ్ళు పేర్చడం పిల్లల పని. ఊరి చివర, అందరికీ దూరంగా ఆరబోసిన మా వడ్లకు రాళ్ళు పెట్టింది నేనే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు అప్పుడప్పుడు చిన్న విమానాల్లో మా ఊరి మీదుగా తిరిగేవాళ్ళు. ఆ మధ్యాహ్నం ఒకటి ఉన్నట్టుండి మోత ఆగిపోయి కిందికి రాసాగింది. ఇంజను చెడిందట. అందులో ఇరవై ఏళ్ళ అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. వడ్లు లేని సగం రోడ్డు మీద అతను దాన్ని ఎంత చక్కగా దించాడో నేను కళ్ళారా చూశాను. దిగాక ఒక చక్రం నేను పెట్టిన రాయిని గుద్దింది. విమానం గిర్రున తిరిగి పక్క కాలువలో ముక్కు గుచ్చుకుని పడింది.

అందరికంటే ముందు మా తాతే ఉరికాడు. అబ్బాయిని బయటికి లాగి, విరిగిన కాలికి వెదురుబద్దలు కట్టి, తన తువ్వాల మడిచి తల కింద పెట్టి నీళ్ళు తాగించాడు. "భయపడకు కొడుకా, నేనున్న" అన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చిందని ఈనాటికీ నమ్ముతాను. ఆ వెంటనే నా దగ్గరికొచ్చి మెల్లగా, "పోలీసోళ్ళొస్తే మీ బాపును పట్కపోతరు. రాళ్ళన్నీ బాయిల పడెయ్యి బిడ్డా" అన్నాడు. లంగా ఒడిలో వేసుకుని ఒక్కటి మిగలకుండా బావిలోకి మోశాను.

జీపు వచ్చేసరికి వడ్లున్నాయి, రాళ్ళు లేవు. అబ్బాయి నొప్పితో పళ్ళు బిగబట్టి ఎస్సైతో అన్నాడు: "నా తప్పని రాస్తే మళ్ళ నన్ను విమానం ఎక్కనియ్యరు సార్. రాళ్ళుండె, ఒకటి చక్రానికి తగిలింది."

"రాళ్ళేడివి సారూ? పోరడు బెదిరిండు, పాపం" అన్నాడు మా తాత.

అబ్బాయి నా వైపు తిరిగాడు. "చెల్లే, నువ్వు గాడనే ఉంటివి గదా. జర చెప్పు."

తాత చెయ్యి నా తల మీద ఉంది. నిమురుతున్నాడు. "లేవు" అన్నాను.

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జీపులో ఎక్కించేదాకా నన్నే చూశాడు. వారం తర్వాత బాపు పండ్లు పట్టుకుని దవాఖానకు వెళ్ళి చూసి వచ్చాడు. కాలు అతుకుతుందట, విమానాల బడి నుంచి మాత్రం తీసేశారట. ఆ మాట విని మా తాత అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అయినా నిజం చెప్పడానికి ఎక్కడికీ వెళ్ళలేదు. ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నా మీద అంతకంటే ఎక్కువుంది.

ఇప్పటికీ మా ఇంట్లో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, రాళ్ళు పెడతారు. నేను వెనకే వెళ్ళి ఒక్కొక్కటీ తీసేస్తాను. ముసల్దానికి చాదస్తమని కోడలు నవ్వుతుంది. "ఎందుకే నానమ్మా?" అని మనవరాలు మొన్న కూడా అడిగింది. లారీవాళ్ళకు ఇబ్బంది అన్నాను. ఇన్నేళ్ళలో అసలు సంగతి ఒక్కరికీ చెప్పలేదు. మా తాత నేర్పింది అంత బాగా వంటబట్టింది నాకు.