పాలెం బడి కంచాలు

పుల్లలచెరువు పక్కన ఒక ఊళ్లో రెండు సర్కారు బడులుండేవి. రోడ్డుకు ఇటు ఊరి బడి, అటు ఎస్సీ పాలెం బడి. ఊరి బడికి టైల్స్ వచ్చాయి, ఫ్యాన్లు వచ్చాయి. మా పాలెం బడికి వాన పడ్డప్పుడల్లా కప్పులోంచి నీళ్లు వచ్చేవి. అక్కడ నేను ఆరేళ్లు టీచర్ని.

పెత్తనమంతా మధ్యాహ్నం వంట చేసే పెద్దమ్మది. మెతుకు వదిలితే నన్నూ తిట్టేది. ఎవరి కంచం వాళ్లకుండాలని పిల్లలందరి పేర్లూ కంచాల అంచున నా చేత మేకుతో గీయించింది. ఆమెకు చదువు రాదు. సొట్టలు చూసి ఏది ఎవరిదో చెప్పేది.

ఒక ఏడు, కొత్త గదులు ఏ బడికివ్వాలో తేల్చడానికి పిల్లల్ని లెక్కపెట్టే సారు వస్తున్నాడన్నారు. సరిగ్గా మిరపకోతల కాలం. పాలెంలో సగం ఇళ్లకు తాళాలు. అమ్మానాన్నల వెంట పిల్లలూ గుంటూరు వైపు పోయారు. ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మంది మిగిలారు. ఆ లెక్కతో గదులు రావు. నేను అసలే కోపిష్టిదాన్ని, ఆయన వచ్చే రోజు పొద్దున్నుంచీ తరగతి గదిలోంచి బయటికి రాలేదు.

సారు వచ్చేసరికి వరండాలో ముప్పై ఎనిమిది కంచాలు వరసగా ఉన్నాయి. అన్నిట్లోనూ అన్నం వడ్డించి ఉంది.

"ఏందమ్మా ఇది?" అన్నాడాయన.

"పిల్లోళ్లు సారూ. కోతలకు పోయినారు, అయిపోతానే వస్తారు. పేర్లు కంచాల మీదుండాయి, రాసుకోండి" అంది పెద్దమ్మ.

ఆయన చెడ్డవాడు కాదు. వంగి రెండు మూడు పేర్లు చదివాడు. తర్వాత పదకొండు అని రాసుకున్నాడు. ఆ ఎక్కువ వండిన బియ్యం బడివి కావని, పెద్దమ్మ ఇంటివని నాకు సాయంత్రం తెలిసింది. ఆమె మీద ప్రేమా, ఊరికే కోపంతో కూర్చున్నందుకు సిగ్గూ ఒక్కసారే కలిగాయి.

గదులు ఊరి బడికే వెళ్లాయి. వాళ్లకు అక్కర్లేని పాత బెంచీలు మాకొచ్చాయి. కోతల నుంచి తిరిగొచ్చిన పిల్లలు, వాటి మీద ఊరి పిల్లలు చెక్కుకున్న పేర్లు కూడబలుక్కుంటూ చదివారు.

"మా పేర్లు యాడ టీచర్?" అంది మూడో తరగతి పిల్ల.

పెద్దమ్మ లోపలికి పోయి ఆ పిల్ల కంచం తెచ్చి ఒళ్లో పెట్టింది.

"ఈడుంది. నువ్వు పోయిన కాణ్ణించి దినామూ కడిగి పెడతానే ఉండా."