గ్రహణం పూట కోసిన దోసకాయ

రేపల్లెలో ఒక డిగ్రీ కళాశాల వాళ్ళు నెలకోసారి సాయంత్రం పూట ఊరి జనం కోసం సభ పెట్టేవారు. ఒక నెల హరికథ, ఒక నెల నాటక పద్యాలు, ఒక నెల ఉపన్యాసం. ఉపన్యాసాల వంతు వచ్చినప్పుడు తరచూ నన్ను పిలిచేవారు. తెనాలి నుంచి ప్యాసింజరు రైల్లో వెళ్ళి, మాట్లాడి, మళ్ళీ రైలెక్కేదాన్ని. చిన్నప్పుడు మా నాన్న బాపట్లలో చర్చాసభలకు పట్టుకెళ్ళేవాడు. అక్కడ నేర్చిన చదువు నాది. ఎదుటివాళ్ళ ప్రశ్న పూర్తి కాకముందే నా జవాబు సిద్ధంగా ఉండేది.

రెండువేల తొమ్మిది జులైలో సూర్యగ్రహణం ఉందని, అంతకు కొద్ది రోజుల ముందు సభలో ఆ విషయం మీదే మాట్లాడమన్నారు. గర్భిణి గ్రహణం పూట కత్తి పట్టి ఏదైనా కోస్తే బిడ్డ పై పెదవి చీలి పుడుతుందని మా వైపు గట్టి నమ్మకం. ఆ చీలికకు పేరే గ్రహణమొర్రి. నీడకు పెదవులు కోసే శక్తి లేదని, మొర్రి గ్రహణం లేని ఏడాదీ, ఆ నమ్మకం లేని దేశంలోనూ పుడుతుందని గంటసేపు చెప్పాను. చివర్లో ఎరువుల కొట్టాయన ఒకరు లేచారు.

"చెప్పడానికేముందమ్మా, ఎన్నైనా చెప్పొచ్చండి. మీ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషిని తీసుకొచ్చి ఆ పూట ఒక్క కాయ కోయించండి. అప్పుడు నమ్ముతాం."

"కోయిస్తారేంటి! వీళ్ళూ తలుపులేసుకుని పడుకునేవాళ్ళే," అని వెనక నుంచి ఇంకెవరో అన్నారు. హాలంతా నవ్వింది.

"మా ఇంట్లో మనిషి దాకా ఎందుకండీ? నేనే కోస్తాను. నాకిప్పుడు మూడో నెల," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. తర్వాత చప్పట్లు మొదలై ఎంతకీ ఆగలేదు.

భయం తిరుగు రైల్లో మొదలైంది. గ్రహణమంటే కాదు. మొర్రి ఎవరి బిడ్డకైనా రావచ్చని నేనే చెప్పి వచ్చాను కదా. ఎవరి బిడ్డకైనా అంటే నా బిడ్డకూ రావచ్చు. వస్తే ఏ తర్కం మిగులుతుంది? కృష్ణా కాలవల కింద ప్రతి ఊళ్ళోనూ ఆ చిన్న ముఖాన్ని చూపించి, అహంకారానికి పోతే ఇదీ ఫలితం అంటారు. ఇంకా పుట్టని బిడ్డను ఒక వాదానికి పందెం పెట్టి, చప్పట్లు అందుకుని వస్తున్నాను.

కడుపు సంగతి అప్పటికి ఇంట్లో నా భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మర్నాటి మధ్యాహ్నానికల్లా మా అత్తగారికి రేపల్లె బంధువుల ఫోను వచ్చింది.

"ఏంటమ్మాయ్, నేను నాయనమ్మనవుతున్నానని మైకులో చెప్పావంటగా! నాకు చెప్పడానికి మైకు లేదనా?" అంది.

నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"మా చెరుకుపల్లిలో మొర్రి ఉన్న ఒకాయన ఉండేవాడు. ఊరంతా 'గ్రహణం' అనే పిలిచేది, ఆయన పేరేంటో నాకిప్పటికీ తెలీదు. ఆ పూట నేను కత్తిపీట ముట్టలేదర్రా అని వాళ్ళమ్మ పోయేదాకా చెప్పుకుంది. ఒక్కరూ నమ్మలేదు. ముట్టనిదానికే అట్లాగైంది. నువ్వు నలుగురిలో కోస్తానంటున్నావు."

నేను రైలంతా భయపడింది ఆ మాటకే.

డాక్టరమ్మను అడిగాను. "పెదవి అతుక్కోవడం రెండో నెలలోనే అయిపోతుందమ్మా. అతుక్కున్నా, అతుక్కోకపోయినా ఈపాటికి తేలిపోయే ఉంటుంది," అందావిడ. నా వాదానికి ఇంతకన్నా బలమైన మాట దొరకదు. అయినా ఇంటిదాకా అదే ఆలోచన. తేలిపోయిందా? ఎటు తేలింది?

గ్రహణం తెల్లవారుతూనే. ముందురోజే రేపల్లె వెళ్ళి, సభలు నడిపే ఫిజిక్సు మాస్టారింట్లో పడుకున్నాను. ఉదయం కళాశాల మైదానంలో మబ్బులు, బురద, అయినా జనం. ఒక బల్ల, దాని మీద కత్తి, పసుపు పచ్చటి దోసకాయ. మబ్బు సందున సూర్యుడు కొరికిన బిస్కెట్టులా కనపడగానే మాస్టారు సైగ చేశారు. నా చెయ్యి వణికితే గ్రహణానికి వణికిందనుకుంటారు. అందుకని మోచేయి పక్కకు ఆనించి, దోసకాయను నాలుగు ముక్కలు కోశాను. ఒక ముక్క తిన్నాను. చేదు. మొహం చిట్లించకుండా మింగాను.

ఐదో నెలలో తెనాలిలో స్కానింగు తీశారు. స్కానింగు తీసినాయన తెర వైపు చూస్తూ మిగతావన్నీ బాగున్నాయన్నాడు. "పెదవి?" అన్నాను.

"బిడ్డ చెయ్యి అడ్డం పెట్టుకుందండి. కాసేపు నడిచి రండి."

వరండాలో నడిచి వచ్చాను. చెయ్యి తియ్యలేదు. అక్కణ్ణించి పురుడు దాకా నిద్ర సరిగా పట్టలేదు. పగలు వ్యాసాలు రాసేదాన్ని, ఎప్పటికన్నా ఘాటుగా.

జనవరి చివర పాప పుట్టింది. ఆడా మగా అని నేను అడగలేదు. నర్సు ముఖం చూపించింది. పెదవి ఉండాల్సినట్టే ఉంది. మా అత్తగారు పాపను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, వెలుతురులో చూసి, తెచ్చి నా పక్కన పడుకోబెట్టింది.

మార్చి సభకు పిలవడానికి మాస్టారు యాపిల్ పళ్ళతో వచ్చారు.

"పాపను వేదిక మీదకు తీసుకురావాలమ్మా. ఎరువుల కొట్టాయన్ని ముందు వరసలో కూర్చోబెడతాను. ఇంకేం మాట్లాడతాడో చూద్దాం!"

"వద్దండి మాస్టారూ."

"ఏంటమ్మా, దిష్టా?" అని నవ్వారు.

"మొర్రి ఉండి ఉంటే అది గ్రహణం వల్ల కాదని మనమే అనేవాళ్ళం కదండీ? ఒక్క బిడ్డతో ఏదీ రుజువు కాదనేవాళ్ళం. మరి మొర్రి లేకపోతే మాత్రం రుజువెలా అవుతుంది? ఈ ముఖాన్ని మన సాక్ష్యమంటే, రేపు ఇంకో తల్లి బిడ్డను వాళ్ళ సాక్ష్యమని ఒప్పుకున్నట్టే."

"సూత్రం సరే, జనానికి అర్థం కావద్దూ!" అంటూ ముభావంగా వెళ్ళిపోయారు.

సభకు ఒక్కదాన్నే వెళ్ళాను. ఎరువుల కొట్టాయన ఈసారి మర్యాదగానే అడిగారు. "పాప ఎట్లా ఉందమ్మా?"

బాగుందంటే చప్పట్లు కొడతారు. "ఆ జవాబుతో గ్రహణం సంగతి తేలదండి, అందుకని చెప్పను," అన్నాను. హాల్లో గుసగుస లేచింది. అది నాకంటే ముందే తెనాలి చేరింది.

"పిల్లకి మొర్రంట, అందుకే సభకు తీసుకురాలేదంట. పాలబ్బాయి నన్నే అడిగాడు," అంది మా అత్తగారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. "ఒక్కసారి ఎత్తుకుని బజారు దాకా పోయొస్తానే అమ్మాయ్. నోళ్ళు మూతపడతాయి."

తీసుకెళ్ళండి అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్ని నెలలూ లేని కొత్త భయం అప్పుడు వేసింది. ఈ పిల్ల పెదవి చక్కగా ఉండి కూడా మొర్రి పిల్ల అయింది. చూపిస్తే పందెం కాయ, చూపించకపోతే అపవాదు. "వద్దత్తయ్యా," అన్నాను. "నీ పట్టుదల మండా," అని ఆవిడ లోపలికి వెళ్ళింది.

ఆ వారం పాపకు టీకా వేయించాలి. పదకొండింటికి గుమ్మం దాటేసరికి ఎండ చురుక్కుమంది. చేతిలో తువ్వాలు ఉంది. కప్పితే దాచినట్టు, కప్పకపోతే చూపించినట్టు. ఎదురింటి అరుగు మీద ఇద్దరాడవాళ్ళు మాటలాపి ఇటే చూస్తున్నారు. పాప ఎండకు కళ్ళు మూసుకుని ఏడవబోయింది. ముఖం మీద తువ్వాలు కప్పాను.

"చూశావా, కప్పింది," అని వినపడింది.

వీధి పొడుగునా గాలి వీస్తోంది. తువ్వాలు అంచు లేవకుండా వేలితో నొక్కిపట్టుకుని నడిచాను.