ముగ్గు పిండితో పాఠం చెప్పిన మా సోమయ్య అన్న

నిన్న పొద్దున మహబూబాబాద్ స్టేషన్‌లో ట్రైన్ ఆగింది.

సోమయ్య అన్న దిగలేదు.

జనగామలో ఎక్కాల్సిన మనిషి. స్టేషన్ ముందున్న ఖాళీ జాగాకు పిల్లలతో డిజైన్ చేయిద్దామని క్లాస్ మొత్తాన్ని అక్కడికి రమ్మన్నదే తను. ట్రైన్ మిస్సయ్యాడేమో అనుకుని ఫోన్ చేశాను.

వదిన ఎత్తింది.

"మీ అన్న లేకుండ పోయిండు లతా. పొద్దుగాల గుండెల నొప్పన్నడు. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది."

సరే వదినా అన్నాను. ఫోన్ పెట్టేసి పిల్లల అటెండెన్స్ తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు. ఆ తర్వాతే వాళ్లకు చెప్పాను.

తెలియని వాళ్ల కోసం రాస్తున్నా. మేమిద్దరం ఒకే కాలేజీలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పిల్లలకు డిజైన్ మెథడ్స్ చెప్తాం. దారి ఎటు వేయాలి, చెట్టు ఎక్కడ పెట్టాలి అన్నది ఎలా తేల్చుకోవాలో నేర్పే సబ్జెక్ట్. ఈ బ్యాచ్ ఫైనల్ జ్యూరీ, అంటే పిల్లలు తమ డిజైన్లు మా ముందు పెట్టి మాటలు పడే పరీక్ష, వచ్చే శుక్రవారమే.

"చెప్తాం" అని రాశాను. అలాగే ఉండనివ్వండి.

అన్న మెథడ్ ఒకటే. పేపర్ మీద గీసిన ప్లాన్‌ని సైట్‌లో, నేల మీద, అసలు సైజులో ముగ్గు పిండితో గీయాలి. గీసి, పక్కకు జరిగి కూర్చోవాలి.

పోయినేడు భూపాలపల్లి వెళ్లాం. బొగ్గు గని కార్మికుల కాలనీ పక్కన ఖాళీ స్థలం. మా స్టూడెంట్ శ్రావణి వంపులు తిరిగే వాకింగ్ పాత్ గీసింది. చూడముచ్చటగా ఉంది.

ఒక అవ్వ ఆగి, "గిదేం పండుగ సారూ?" అని అడిగింది.

"పండుగ కాదవ్వా, పార్కు. నువ్వు నీ తొవ్వల నువ్వు పో" అన్నాడు అన్న.

అవ్వ పోయింది. ఆమె వెనకాలే కూరగాయల సంచులతో కాలనీ ఆడవాళ్లు. వంపులన్నీ తొక్కుకుంటూ నేరుగా ఇళ్లకు వెళ్లిపోయారు. శ్రావణి ఏడుపు మొహం పెట్టింది.

"ఏడ్వకు బిడ్డా. ఆళ్లు నీకు ఉత్తగనే ట్యూషన్ చెప్పిపోయిన్రు. గా అడుగులు చూసుకుంట మళ్ల గియ్యి."

తనే మోకాళ్ల మీద కూర్చుని పాత గీతలు చెరపడం మొదలుపెట్టాడు. మీసాల నిండా ముగ్గు. అలాగే బస్సెక్కాడు. కండక్టర్ అదోలా చూస్తుంటే, ఈయనెవరో నాకు తెలియనట్టు వేరే సీట్లో కూర్చున్నాను.

జ్యూరీల్లో అన్న దుమ్ము దులిపేవాడు. నేను బుజ్జగించేదాన్ని. మా ఇద్దరి ఒప్పందం అది.

నిన్న సాయంత్రం జనగామలో అంతా అయిపోయింది. పిల్లలందరూ వచ్చారు. అందరూ ఏడ్చారు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మనసు మొద్దుబారిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్టాండ్‌లో శ్రావణి నా పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

"మేడం, శుక్రవారం మమ్ముల ఎవరు తిడ్తరు?"

బస్సు వచ్చేదాకా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

అన్నా, నేనే తిడ్త. నీ అంత గట్టిగ రాదు గని, తిడ్త.

నువ్వు పిల్లల రంది పెట్టుకోకు. నిమ్మళంగ పండుకో.