సాంచె మీద దొరికిన చెప్పు ముక్క

కరోనా బందులు ఎత్తేసిన మరుసటి వానాకాలం. నేనప్పుడు భివండీ పక్కన కాశేలి గోదాముల్లో ఒక బట్టల వ్యాపారి దగ్గర వీవింగ్ మాస్టర్‌ని. సాంచెల, అంటే మరమగ్గాల, మోతకు చెవులు మొరాయించి, రిటైరయ్యే వయసు రాకముందే పని మానుకునేదాకా చేసింది ఆ కొలువే. భివండీలో చాలా కార్ఖానాలు సొంతంగా నూలు కొనవు. వ్యాపారి పడుగు చుట్టిన భీము పంపుతాడు, కార్ఖానా సేఠ్ నేయించి ఇచ్చి మజూరీ తీసుకుంటాడు. ఎక్కడైనా భీము పాడైతే మాస్టర్ వెళ్లి చూసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. తప్పు నూలుదా, సాంచెదా, దాన్ని నడిపే కామ్‌గార్‌దా అన్నది ఆ సంతకంతో తేలిపోతుంది. వరసలో కామ్‌గార్ పైన సాంచెలు బాగుచేసే జాబర్, జాబర్ పైన కామ్‌గార్లను పనిలో పెట్టే ముకద్దం, అందరి పైనా మాస్టర్. మాస్టర్ వస్తే కూర్చోవడానికి కుర్చీ వేస్తారు. మా గొప్ప అంతవరకే.

నాగావ్‌లోని రాజేశం మామ కార్ఖానా నుంచి ఆరోజు పొద్దున ఫోన్ వచ్చింది. రాజేశం మామది మా కరీంనగర్ వైపే, మా పద్మశాలి కులమే. ఒకప్పుడు జాబర్‌గా రెంచీ పట్టి, తర్వాత సొంత కార్ఖానా పెట్టినవాడు. ఫోన్ చేసింది ఆయన తమ్ముని కొడుకు కిరణ్. ఠాణేలో మేనేజ్‌మెంట్ చదివి, పెదనాన్న కార్ఖానా చూసుకుంటున్నాడు. నేను హలో అనకముందే, “మాస్టర్ అంకుల్, సాబొటాజ్ అయింది. లగేచ్ యా” అన్నాడు. వెంటనే రమ్మని.

వెళ్లేసరికి కార్ఖానాలో సాంచెలన్నీ ఆపి ఉన్నాయి. పవర్ ఉండగా సాంచెలు ఆగితే ఆ నిశ్శబ్దం చావింటి నిశ్శబ్దంలా ఉంటుంది. ఒక సాంచె మీద పడుగు అడ్డంగా తెగి, దారాలు జుట్టు పీకినట్టు లేచి ఉన్నాయి. పేకదారం మోసే నాడె, అంటే ఇక్కడివాళ్లు ధోటా అనేది, అవతలి పెట్టెకు చేరకుండా దారాల నడుమ ఇరుక్కుంటే ఇట్లా అవుతుంది. మా భాషలో దీన్ని స్మాష్ అంటాం. ఇది అరుదేమీ కాదు. అరుదైనది ఆ దారాల మధ్య దొరికింది. నీలిరంగు హవాయి చెప్పు ముక్క.

మా కార్ఖానాల్లోకి చెప్పులతో ఎవరూ రారు. సేఠ్ కూడా గడప దగ్గర విడిచి రావాల్సిందే. పొద్దున సాంచెకు చెయ్యి తాకించి కళ్లకద్దుకుని గాని మోటారు వేయరు. అట్లాంటి సాంచె మీద చెప్పు పడిందనేసరికి భీము పోయిన బాధ వెనక్కు పోయింది. కామ్‌గార్లంతా గోడకానుకుని నిలబడి, ఆ సాంచె నడిపిన పోశం వైపు చూస్తున్నారు.

పోశం జగిత్యాల దిక్కు కూలి ఇంటివాడు. సెంటు భూమి లేదు. వాళ్లింట్లో ఎవరూ నేత ఎరగరు. భివండీ వచ్చి ఊడ్చే పనిలో చేరి, చూసి చూసి సాంచె నేర్చుకున్నాడు. ముందురోజు ఊరికి పోతా సెలవియ్యమంటే రాజేశం మామ ఇవ్వలేదట. ఇద్దరికీ మాటా మాటా అయిందట. దానికితోడు గడప దగ్గరున్న అతని చెప్పులు కూడా నీలివే, ఒకదాని మడమ చిరిగింది. గోడ దగ్గర నుంచి ఒక ముసలాయన, “సాంచెల నడుమ పుట్టినోడైతే గిట్ల చేస్తడా” అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

పోశం కళ్లెత్తలేదు. “చెప్పులు ఇడిచి పోవాలెనని మా అమ్మ నాకు నేర్పలే. మాకు చెప్పులే లేకుండె. గా బుద్ధి ఈ సాంచెలే నేర్పినయి” అన్నాడు. అంతే అన్నాడు.

కిరణ్ ఫోన్లో ఇంగ్లీషు ఫిర్యాదు సిద్ధం చేసి పెట్టాడు. నేను సంతకం పెడితే పోలీసు చౌకీకి తీసుకుపోతాడు. అందులో సాబొటాజ్ అన్న మాట పైనే ఉంది. దాని స్పెల్లింగును ఫోన్ సరిచేసింది గాని సంగతిని సరిచెయ్యలేదు. కావాలని పని చెడగొట్టడమని దాని అర్థం. ఆ మాట మీద నా సంతకం పడితే చాలు, పోలీసులు ఏం చేసినా చేయకపోయినా, నాగావ్ నుంచి నిజాంపురా దాకా ఏ ముకద్దమూ పోశం చేతికి సాంచె ఇవ్వడు. భార్యా పిల్లలతో అద్దె ఖోలీలో ఉంటున్నవాడు. చేతిలో ఉన్నది ఆ ఒక్క విద్య.

నేను చెప్పు ముక్కను చేతిలోకి తీసుకున్నాను. చిరిగిన ముక్క కాదు. అంచు కత్తితో తిన్నగా కోసి ఉంది. ఈ కొసకొకటి, ఆ కొసకొకటి తీగ దూర్చే బెజ్జాలు. ఒకపక్క గ్రీజు ఎండి నల్లగా పేరుకుంది. నాకు సంగతి అర్థమైంది.

చదివేవాళ్ల కోసం ఇక్కడ ఒక గుట్టు చెప్పాలి. ధోటాను కొట్టి పంపే పిడి ప్రతి దెబ్బకూ వెనక్కొచ్చి గుద్దుకుంటుంది. ఆ దెబ్బను ఓర్చుకోవడానికి అక్కడ తోలుబిళ్ల ఉండాలి. కంపెనీ బిళ్ల తొందరగా అరుగుతుంది. అరిగినప్పుడు హవాయి చెప్పు రబ్బరు కోసి తీగతో కడితే అంతకంటే బాగా పనిచేస్తుంది. జాబర్లందరికీ తెలుసు. దాన్ని పట్టా అంటారు. దేని నుంచి కోశారో మాత్రం ఏ జాబరూ చెప్పడు, ఏ కామ్‌గారూ అడగడు. గడప దగ్గర విడిచిన చెప్పును సాంచె కడుపులో కట్టేది మేమే. తీగ వదులై పట్టా జారిపడితే పిడి గతి తప్పుతుంది, ధోటా సగం దూరంలో ఆగిపోతుంది.

ఆ కార్ఖానా జాబర్ బందుల్లో ఊరికి పోయి తిరిగి రాలేదు. అప్పటి నుంచి రెంచీ పడుతున్నది రాజేశం మామే.

ఆయన కుర్చీలో కూర్చుని నేల చూస్తున్నాడు. ఆయనకు అప్పటికే తెలుసో, నేను ముక్కను తిప్పి చూసినప్పుడే తెలిసిందో, నేటికీ చెప్పలేను. పోశం పేరు నిలబడాలంటే ఇన్ని కళ్ల ముందు ఆ పెద్దమనిషి, “సాంచెకు చెప్పు కట్టింది నేనే” అనాలి. నేను చెబితే నమ్మరు. కామ్వారీ నది పొంగినప్పుడు ఒక చేప సాంచెలో దూరి బట్టలో అల్లుకుపోయిందని, ఆ థాను సూరత్ వ్యాపారి కొత్త డిజైన్ అనుకుని కొన్నాడని చెప్పుకుంటూ తిరిగే మనిషిని నేను.

కాబట్టి ముందు కిరణ్‌ను అడిగాను, ఈ సాబొటాజ్ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా అని. తెలుసన్నాడు. ఉత్సాహంగా అందరికీ వినబడేట్టు హిందీలో చెప్పాడు. ఫ్రాన్స్ దేశంలో నేత కూలీలు చెక్క చెప్పులు వేసుకునేవారట, ఆ చెప్పు పేరు సాబో అట. యజమాని మీద కోపమొస్తే దాన్ని తీసి సాంచెలోకి విసిరేవారట. అందుకే సాబొటాజ్. “బిల్కుల్ ఇదే కేసు” అన్నాడు.

కథ చక్కగా కుదిరింది. అంత చక్కగా కుదిరినందుకే నాకు మొదటి నుంచీ దాని మీద అనుమానం. కథలు అల్లేవాడికి పక్కవాడి అతుకు తొందరగా కనబడుతుంది. ఒకప్పుడు దీన్ని ఇంకాస్త పెంచి చెబుదామని ఠాణే లైబ్రరీలో లావుపాటి నిఘంటువులు తిరగేశాను. చెప్పు పేరు నిజమే. విసిరినవాడే ఎక్కడా దొరకలేదు. మొదట్లో ఆ మాటకు చెక్క చెప్పులతో టకటక నడవడమని అర్థం. తర్వాత, పని మొరటుగా చేయడమని. సమ్మెలు వచ్చిన రోజుల్లో, కావాలని చెడగొట్టడమని. సాంచె, కోపం, విసురు, ఇవన్నీ ఎవడో నాలాంటివాడు వెనక నుంచి తగిలించినవి.

ఆ మాటే వాళ్లకు చెప్పాను. ఎక్కడో దూరదేశంలో ఎవరూ విసరని చెప్పు ఇన్నేళ్లుగా నేతగాళ్ల మెడకు వేలాడుతోంది, ఇది కూడా అట్లాంటిదే కావచ్చన్నాను. తర్వాత ముక్కను రాజేశం మామ చేతిలో పెట్టాను.

“ఇదేంది మామా? నువ్వే చెప్పు.”

ఆయన దాన్ని తిప్పి చూడలేదు. బెజ్జాల మీద బొటనవేలు పెట్టాడు. కిరణ్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

“పట్టా” అన్నాడు. “నేనే కట్టిన. తీగ సరిగ పడలే.”

గోడ దగ్గరి ముసలాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. రాజేశం మామ లేచి, సాంచెను ముట్టబోయి, ముట్టకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “పోశం, ఫిర్యాదు లేదు, గిర్యాదు లేదు. నీది తప్పు లేదు” అన్నాడు. తన కామ్‌గార్‌తో ఆయన అట్లా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

పోశం దండం పెట్టలేదు. “గీ మాట టపరీ కాడ గూడ చెప్పున్రి సేఠ్” అన్నాడు. టపరీ అంటే మలుపులోని చాయ్ కొట్టు. నాగావ్‌లో ఎవడు పనిమంతుడో ఎవడు కాడో తేలేది అక్కడే. రాజేశం మామ ఆ సాయంత్రం వెళ్లి చెప్పాడని విన్నాను. పోశం మాత్రం ఆ నెలాఖరుకు నిజాంపురాలో వేరే కార్ఖానాకు మారిపోయాడు. అక్కడి ముకద్దం ఏమీ అడగకుండానే సాంచెలు అప్పగించాడు.

నా రిపోర్టు మూడు ముక్కల్లో ముగిసింది. పట్టా జారింది, ధోటా ఇరుక్కుంది, పడుగు తెగింది. నష్టం కార్ఖానా మీద పడింది. కిరణ్ దాన్ని చదివి, ఇందులో ఎవరి పేరూ లేదేమని అడిగాడు. కారణం రాయమన్నారు, రాశాను అన్నాను.

ఆ తర్వాత నేను పనిచేసినంత కాలం ఒక పద్ధతి పాటించాను. కొన్ని మాటలు ఏం జరిగిందో చెబుతాయి. కొన్ని మాటలు ఏం జరిగిందో చూడకముందే ఎవరు చేశారో చెప్పేస్తాయి. రెండో రకం మాట ఎంత పెద్ద చదువు నోటి నుంచి వచ్చినా, సాంచె విప్పి చూసేదాకా దాని కింద సంతకం పెట్టలేదు.