జీపులో ఒణుకు

అమ్మ పోయిన మూడో నెలలో మా జీపు ఒణకడం మొదలుపెట్టింది. పరుగు మీద ఉంటే బాగానే ఉండేది. ఆపి, గేరు తీసి వదిలితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు ఊగి ఊగి ఆగిపోయేది. వేలంలో కొన్న పాత పెట్రోలు బండి అది. కద్మా పేటలో మా మిల్లు క్వార్టర్ల వరసకంతా అదొక్కటే బండి కావడంతో పెళ్ళికైనా చావుకైనా దాన్నే తీసేవారు.

నాన్న రోలింగ్ మిల్లులో ఫిట్టరు. చప్పుడు విని మిషను రోగం చెప్పేస్తాడని పేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరుగారిలా మొహం పెట్టేవాడు. చిన్నప్పుడు అది చూసి మురిసిపోయేదాన్ని. ఇప్పుడు బడిలో పాఠాలు చెప్పే వయసొచ్చింది, నాన్నతో మాత్రం మాటలు తగ్గించేశాను. కోపం.

అమ్మది ఊపిరితిత్తుల జబ్బు. ఆఖరి రెండు నెలలూ గొంతు పెగిలేది కాదు, గుసగుసే. నాన్న మంచం పక్కన కూర్చున్నప్పుడల్లా ఒకటే అడిగేది.

"ఓపాలి మాంగో తీసుకెల్తారేటి? అప్పని సూసొత్తాను."

అప్ప అంటే వాళ్ళక్క, మా పెద్దమ్మ. వంతెన దాటితే మాంగో పేట, అక్కడే వాళ్ళిల్లు. ఆవిడా కాలు విరిగి మంచం మీదే ఉంది. నాన్న తలూపేవాడు. "ఠీకే, ఠీకే" అనేవాడు. లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చేవాడు. అమ్మ నా వైపు ఒకసారి చూసి ఆ నీళ్ళు తాగేది.

నాన్నకీ పెదనాన్నకీ ఏనాటిదో గొడవ. ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. అందుకే మాట దాటేస్తున్నాడని అమ్మా నేనూ కూడా అనుకున్నాం. "మీ నాన్న మొండితనం నీకు తెల్దేటి? వొగ్గీ" అంది అమ్మ. నేనూ వొగ్గేశాను. జీపు వాకిట్లోనే ఉంది. అక్కను చూడకుండానే అమ్మ వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం పొద్దున్నే నాన్న బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు విప్పి గీకాడు, పాయింట్లు సరిచేశాడు. ఒణుకు తగ్గలేదు. ఇక కార్బరేటర్ స్క్రూ పట్టుకుని అటు తిప్పడం, ఇటు తిప్పడం. నేను టీ తెచ్చి మెట్ల మీద నిలబడ్డాను. ఇంజను చప్పుడు కింద ఇంకో చిన్న చప్పుడు వినిపించింది, సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సుయ్‌మని.

"ఎక్కడో గాలి పీలుస్తోంది నాన్నా" అన్నాను. కోపంగా ఉన్నాను కదా, కేక వెయ్యలేదు, మామూలుగానే అన్నాను.

నాన్న తల తిప్పలేదు. ఆ చప్పుడుకి జానెడు దూరంలో ఉంది ఆయన చెవి. స్క్రూడ్రైవరు ఒక చెవికి పెట్టుకున్నాడు, రెండో చెవికి మార్చాడు. చివరికి పిడిని పళ్ళతో కరిచిపట్టి కళ్ళు మూసుకున్నాడు. చెవితో కాదు, పళ్ళకు తగిలే అదురుతో వింటున్నాడు.

మా వరసలో అన్నీ కేకల ఇళ్ళే. మిల్లు హోరులో అరిచి అరిచి మగవాళ్ళు ఇంట్లోనూ అరుస్తారు, ఆడవాళ్ళూ పిల్లలూ అలాగే జవాబిస్తారు. కేక అందకపోతే మిల్లులోలాగా చేత్తో సైగ. అలాంటి కొంపలో ఒక మనిషికి చెవులు పోతే ఎవరికి తెలుస్తుంది? కేక వెయ్యలేనిది అమ్మ ఒక్కతే.

వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకుని, వేలు కార్బరేటర్ అడుగున ఆనించాను. సుయ్‌మనడం ఆగింది. నాన్న అక్కడ నాలుగు చుక్కల నూనె వేశాడు. ఇంజను నూనెను లోపలికి పీల్చేసుకుని కాసేపు నెమ్మదించింది.

"నీకు ఇనిపించిందేటి?" అన్నాడు.

తలూపాను. నాన్న కిందికి చూశాడు.

"రెండేల్లయింది. సెప్తే మిల్లులోంచి తీసేత్తారమ్మా. మీ అమ్మకీ సెప్పలేదు."

కార్బరేటర్ కింది పేకింగ్ ఎండి చిట్లిపోయింది. నాన్న దళసరి అట్ట ఒకటి ఆ చోట పెట్టి, అంచుల వెంట సుత్తితో సన్నగా తడుతూ కొత్తది కత్తిరించాడు. చేతులకు ఏ లోటూ లేదు. బిగించి స్టార్ట్ చేశాడు. గ్లాసుతో నీళ్ళు తెమ్మని సైగ చేసి, తెస్తే బానెట్ మీద పెట్టాడు. ఆయన పరీక్ష ఎప్పుడూ అదే. చుక్క తొణకలేదు.

ఆ గ్లాసునే చూస్తూ నిలబడ్డాడు.

"మీ అమ్మ ఆకర్న రోజూ నన్నేటో అడిగీది" అన్నాడు. "నీల్లే కదా?"

నా పెదాల వంకే చూస్తున్నాడు. నిజం చెప్పాలంటే వరసంతా వినిపించేలా అరవాలి. అమ్మ ఊపిరి కూడదీసుకుని గుసగుసగా అడిగిన మాట. విన్నదాన్ని, చెవులున్నదాన్ని నేను. ఒక్క కేక వేసి ఉంటే అరగంటలో మాంగోలో ఉండేది అమ్మ.

"నీళ్ళే నాన్నా!" అని అరిచాను.

"అడిగినప్పుడల్లా ఇచ్చీవోణ్ణి" అన్నాడు నాన్న. "ఒక్కపాలీ లేదన్లేదు."

బానెట్ మీది గ్లాసు తీసి నా చేతికిచ్చాడు. తాగేశాను.